ఫ్రాంకిన్సెన్స్ నూనె కొనేముందు ఒక చుక్క కాగితం మీద వేయండి

విజయవాడ వన్ టౌన్‌లో ఫ్రాంకిన్సెన్స్ (ఒక రకం సాంబ్రాణి) నూనె కొనబోతుంటే, ముందు ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి చూడండి. మంచిదైతే కొన్ని గంటల్లో ఆవిరైపోయి మరక పెద్దగా మిగలదు. వంటనూనె కలిపి ఉంటే మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితంలా జిడ్డు అలాగే ఉండిపోతుంది.

ఇది ఒమన్, సోమాలియాల్లో పెరిగే బోస్వెల్లియా చెట్ల బంక నుంచి ఆవిరి పట్టి తీసేది. బెరడు గీస్తే తెల్లగా కారి, గాలికి గట్టిపడి లేత పసుపు పలుకులవుతుంది. వేల ఏళ్లుగా గుడుల్లో, తర్వాత చర్చిల్లో ఆ పలుకుల్నే నిప్పుల మీద వేసి ధూపం పట్టారు. బాల యేసు కోసం బేత్లెహేముకు జ్ఞానులు తెచ్చిన సాంబ్రాణి ఇదే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మోకాళ్ల నొప్పులకు పనిచేస్తాయనే బోస్వెల్లిక్ ఆమ్లాలు ఈ నూనెలో దాదాపు ఉండవు. అవి బరువైనవి, ఆవిరితో పైకి రాక బంకలోనే ఆగిపోతాయి. సీసా మీద ఆ పేరు చూసి పెద్దవాళ్ల కోసం వేలకు వేలు పెట్టకండి. వాసన కోసమైతే హాయిగా కొనుక్కోండి. ఒంటికి రాసుకోవాలంటే చెంచాడు నువ్వుల నూనెలో రెండు చుక్కలు చాలు. తాగడం మాత్రం వద్దు.