గట్టి నల్లరేగడిలో చిన్న ట్రాక్టర్‌తో నీటి కుంట తవ్వడం ఎలా?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ ఎండల్లోనే ట్రాక్టర్ తెచ్చి, కల్టివేటర్ పళ్లన్నీ ఒకేసారి దింపి, ఇంజిన్‌ను రేస్ చేస్తుంటారు. నల్గొండ, పాలమూరు పల్లెల్లో పొలంలో నీటి కుంట తవ్వే చోట ఎక్కువగా కనిపించేది ఇదే. కర్రులు నేల మీద గీతలు పెడతాయి, ముందు చక్రాలు లేస్తాయి, సాయంత్రానికి డీజిల్ అయిపోతుంది. "ఈ నేల చిన్న బండికి లొంగదు" అని చేతులెత్తేస్తారు. లొంగుతుంది. 25 హార్స్‌పవర్ బండి చాలు. నేలకు పదును, అంటే దున్నడానికి సరిపడా తడి, రాకముందే దిగడం వల్లే పని చెడుతోంది.

కావాల్సినవి పెద్దగా లేవు. 5 పళ్ల కల్టివేటర్, దానికి సన్న కర్రులు, మట్టి నెట్టడానికి బ్లేడు, ట్రాలీ, రెండు గడ్డపారలు, నాలుగు పారలు, నీళ్లకు బోరు పైపు గానీ ట్యాంకర్ గానీ. రోటవేటర్ తేవద్దు. ఎండిన రేగడి మీద దాని బ్లేడ్లు ఎగిరెగిరి పడతాయి, గేర్‌బాక్స్‌కు దెబ్బ. పదునులో వాడినా పైన నాలుగు అంగుళాలు పిండి చేసి, కింద మట్టిని నున్నగా మెత్తేస్తుంది. ఆ పొర కిందికి ఆ తర్వాత నీళ్లూ సరిగ్గా దిగవు, కర్రూ సులువుగా దిగదు. మట్టి తవ్వి తీయాలంటే పెళ్లలుగా లేవాలి గానీ పిండి కావాల్సిన పని లేదు.

ముందు సున్నంతో గీత గీయండి. బోరు కేబుల్, డ్రిప్ మెయిన్ పైపు, మిషన్ భగీరథ పైపు ఆ దారిలో ఉన్నాయేమో ఊళ్లో తెలిసినవాళ్లను అడిగి చూసుకోండి. పైన కరెంటు తీగ ఉంటే అక్కడ ట్రాలీ ఎత్తొద్దు. పైన ఉండే అర అడుగు మంచి మట్టిని విడిగా కుప్ప పోసి, తర్వాత పొలంలోనే చల్లుకోండి.

ఇక పదును. ఈ పనిలో తొందరపడకూడని చోటు ఇదొక్కటే.

నల్లరేగడిలో ఉండే బంకమన్ను నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. బీటలున్న నేలకు ఒక్కసారిగా నీళ్లు వదిలితే మొదట బీటల్లోంచి సరసరా కిందికి పోతాయి. ఆ తర్వాత బీటల అంచులు ఉబ్బి మూసుకుంటాయి, పైన నీళ్లు నిలబడిపోతాయి. చూసేవాళ్లకు నేల బాగా తడిసినట్టు ఉంటుంది. పారతో ఒక పెళ్ల లేపి చూస్తే పైన రెండు అంగుళాలు బురద, దాని కింద రాయిలాంటి గడ్డ. అందుకే నీళ్లు కొద్దికొద్దిగా, రెండు మూడు విడతలుగా పెట్టాలి. సాయంత్రం పూటే పెట్టాలి, పగలు పెడితే ఎండకు ఆవిరైపోతాయి. ఎర్ర చెల్క (తేలికపాటి ఎర్ర నేల) అయితే సమస్య వేరు. దాని పైన బిరుసు పొర కట్టి ఉంటుంది, నీళ్లు ఇంకకుండా వాలు వైపు జారిపోతాయి. కాబట్టి ముందు పొడి నేల మీదే రెండు అంగుళాల లోతున పైపైన ఒకసారి గీసి, వాలుకు అడ్డంగా చిన్న చిన్న గట్లు వేసి, ఆ తర్వాత తడపండి.

ఎన్ని నీళ్లు? 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న కుంట అంటే దాదాపు ఒక గుంట (ఎకరంలో నలభయ్యో వంతు) నేల. గుంట మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలవాలంటే సుమారు 2,500 లీటర్లు పడతాయి. ఎండిన రేగడిలో ఆరు అంగుళాల లోతు తడవాలంటే ఒకటిన్నర నుంచి 2 అంగుళాల నీళ్లు కావాలి. అంటే గుంటకు 5,000 లీటర్ల ట్యాంకర్ ఒకటి. దానికంటే ఎక్కువ పోస్తే మేలేమీ జరగదు, ఆరడానికి పట్టే రోజులు పెరుగుతాయంతే.

నీళ్లు పెట్టాక ఆగాలి. చెల్క ఒక రోజులో పదునుకు వస్తుంది, రేగడికి రెండు మూడు రోజులు పడుతుంది. అయినా రోజులు లెక్కపెట్టి దిగొద్దు, చేత్తో చూసి దిగండి. పైన మట్టి చూస్తే లాభం లేదు. కర్రు ఎంత లోతు దిగాలో అంత లోతున గడ్డపారతో పొడిచి, ఆ అడుగు మట్టిని గుప్పెడు తీయండి. రెండు అరచేతుల మధ్య వత్తి లాగా చుట్టండి. అగ్గిపుల్ల కంటే సన్నగా సాగినా తెగకపోతే ఇంకా తడి ఎక్కువుంది, బండి దించొద్దు. అసలు ముద్దే కట్టకుండా పొడిపొడిగా రాలితే తడి చాలలేదు. పెన్సిలంత లావు వచ్చేసరికి పగుళ్లు తీసి ముక్కలైతే అదే పదును. ఆ పూటే పని మొదలుపెట్టాలి. రేగడిలో ఆ పదును ఎక్కువసేపు నిలవదు, మధ్యాహ్నం ఎండ తగిలితే సాయంత్రానికి మళ్లీ బిగుసుకుంటుంది.

"తడి ఎక్కువైతే ఏం, బండి సులువుగా పోతుంది కదా" అంటారు. పోదు. చక్రాలు జారతాయి, జారిన చోటల్లా కింద మట్టి నొక్కుకుపోయి ఇటుకలా బిగుస్తుంది. మీరు గుల్ల చేయాలనుకున్న నేలను మీ బండే దిమ్మిస వేసినట్టవుతుంది. మొదటి సాలు పోయాక దిగి కర్రు గీసిన సాలు చూడండి. పక్కలు నున్నగా మెరుస్తూ ఉంటే ఆపేయండి, ఇంకో పూట ఆగండి. సాలు పక్కన పెళ్లలు విరిగి, బీటలు అటూ ఇటూ పాకి ఉంటే పదును కుదిరినట్టే. మట్టిపనికి దేశమంతా పేరున్న జిల్లా పాలమూరు. మా వైపు పాత మట్టిపనివాళ్లు సాయంత్రం తడిపి, పొద్దున పెళ్ల విరిచి చూశాకే గడ్డపార వేసేవాళ్లు. యంత్రం వచ్చిందని ఆ పద్ధతి వదిలేయడమే ఇన్ని తిప్పలకు మూలం.

పదును కుదిరితే తర్వాతి పని తేలిక. 5 పళ్లలో రెండు పక్కలవి విప్పేసి మూడే ఉంచండి, మరీ గట్టి నేలైతే రెండే. మిగిలినవి మధ్యకు రెండు వైపులా సమాన దూరంలో ఉండాలి, లేకపోతే బండి పక్కకు లాగుతుంది. టాప్ లింక్ (కల్టివేటర్‌ను బండికి పైన కలిపే కడ్డీ) కొంచెం బిగిస్తే కర్రు ముక్కు కిందికి వంగి నేలలోకి దిగుతుంది. లో గేర్ మొదటిది వేయండి, యాక్సిలరేటర్ ముప్పావు వంతు చాలు. మొదటి సాలు నాలుగు అంగుళాలకు మించి దించొద్దు. రెండోసారి అడ్డంగా దున్నుతూ ఆరు అంగుళాలకు దించండి. మలుపులో పళ్లు ఎత్తి తీరాలి, దించి ఉంచి తిప్పితే కింది లింకులు వంగుతాయి. రివర్స్ పోయేటప్పుడూ అంతే.

ముందు చక్రాలు లేస్తే వెంటనే క్లచ్ తొక్కి, లోతు తగ్గించండి. ముందు బరువులు వేసుకోండి. మనిషిని బంపర్ మీద కూర్చోబెట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, దయచేసి ఆ పని చేయవద్దు. గొలుసుతో ఏదైనా లాగాల్సి వస్తే కింది హుక్కుకే కట్టండి. వెనక యాక్సిల్ కంటే ఎత్తులో కడితే బండి ముందు భాగం లేచి డ్రైవర్ మీదికే తిరగబడుతుంది. అలా ప్రాణాలు పోయిన సంగతి రైతులందరికీ తెలుసు, అయినా జాగ్రత్తపడరు.

గుల్లైన ఆరు అంగుళాల మట్టిని ఎత్తేశాకే మళ్లీ దున్నాలి. వదులు మట్టి మీద తిరిగితే చక్రాలు దాన్ని మళ్లీ అణిచేస్తాయి. ట్రాలీల లెక్కలో ఒకటి గుర్తుంచుకోండి, తవ్విన మట్టి పొంగుతుంది. నేలలో 100 ఘనపుటడుగులు ఉన్న రేగడి పైకి వచ్చాక సుమారు 130 అవుతుంది. కిరాయి మాట్లాడుకునేటప్పుడే ఈ లెక్క చెప్పుకుంటే తర్వాత గొడవ ఉండదు.

ప్రతి పొరకూ పదును మళ్లీ చూడండి. రెండు మూడు అడుగుల కింద రేగడిలో సహజంగానే తేమ ఉండొచ్చు, అప్పుడు నీళ్ల ఖర్చు మిగులుతుంది. మొరం తగిలితే కల్టివేటర్ పని అయిపోయినట్టే, పళ్లు విరగ్గొట్టుకోకుండా జేసీబీని పిలవండి. మొరం దాకా పోయిన కుంటలో నీళ్లు నిలవవు, అడుగున ప్లాస్టిక్ షీటు పరచాల్సిందే. నాలుగు అడుగుల లోతు దాకా చిన్న ట్రాక్టర్ హాయిగా పనిచేస్తుంది. బండి దిగడానికి ఒకవైపు, ఎక్కడానికి ఎదురు వైపు దారి పెట్టండి, గుంతలో మలుపు తిప్పే అవసరం రాదు. ఆ వాలు మీద ఎప్పుడూ నిటారుగానే పోవాలి, అడ్డంగా నడపొద్దు.

గట్టు పక్కలు నిలువుగా వదలకండి. రేగడి వానకు ఉబ్బి విరిగి పడుతుంది. మీటరు లోతుకు ఒకటిన్నర మీటర్ల వాలు ఇవ్వండి. అంచున ఒక అడుగు వెడల్పు పని గడ్డపారతోనే చేయించండి. తీసిన మట్టి అంచుకు కనీసం మూడు అడుగుల దూరంలో పోయించండి. కుంటలోకి నీళ్లు రాకముందే చుట్టూ కంచె వేయించండి, ఒక పక్క మెట్లు తీయించండి. నల్లరేగడి వాలు తడిస్తే పెద్దవాళ్లకే కాలు నిలవదు, ఆడుకుంటూ వచ్చిన పిల్లలు పైకి ఎక్కి రాలేరు.