లా, పబ్లిక్ హెల్త్ కలిపి చదవడం ఎలా? జేడీ–ఎంపీహెచ్ జంట డిగ్రీకి దారి

అమెరికాలో లా డిగ్రీ జేడీకి మూడేళ్లు, పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ ఎంపీహెచ్‌కు మామూలుగా రెండేళ్లు పడుతుంది. విడివిడిగా చదివితే ఐదేళ్లు. జంట డిగ్రీగా తీసుకుంటే చాలాచోట్ల నాలుగేళ్లు, హార్వర్డ్‌లో మూడున్నర. అంటే ఏడాది ఫీజు, ఇంటద్దె మిగులుతాయి, జీతం ఏడాది ముందే చేతికొస్తుంది. ఈ కోర్సులో లాభం చాలావరకు ఇదే. చదివే వరస తప్పితే అది కాస్తా పోయి రెండు డిగ్రీలకూ పూర్తి ఖరీదు కట్టాల్సొస్తుంది. అందుకే యూనివర్సిటీ పేరు చూసి మురిసిపోయే ముందు క్రెడిట్ల లెక్క, అంటే ఒక్కో కోర్సుకు ఇచ్చే పాయింట్ల లెక్క చూసుకోవాలి.

మీకు అవసరమా?

మసూచి టీకా వేయించుకోనన్న వ్యక్తికి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో పడిన ఐదు డాలర్ల జరిమానా చెల్లుతుందని 1905లో అమెరికా సుప్రీంకోర్టు జాకబ్సన్ కేసులో తేల్చింది. కోవిడ్ ఆంక్షల మీద వాదించిన లాయర్లూ ఆ తీర్పునే ఉటంకించారు. మన దగ్గర 2001లో మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడాన్ని నిషేధించింది. ఇలాంటి కేసుల్లో సెక్షన్లు తెలిస్తే సరిపోదు. అవతలి పక్షం ఒక అధ్యయనం తెచ్చి బల్ల మీద పెడితే, శాంపిల్ ఎంత, ఎవరిని వదిలేశారు, రిస్కు ఎలా లెక్కగట్టారు అని నిలదీయగలగాలి. హెల్త్ డిపార్ట్‌మెంట్ల న్యాయ విభాగాలు, ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ లాంటి నియంత్రణ సంస్థలు, పొగాకు, ఆహారం, తాగునీటి విధానాల మీద పనిచేసే సంస్థలు ఇలాంటివాళ్లనే వెతుక్కుంటాయి.

మెడికల్ నెగ్లిజెన్స్ కేసులు, ఆసుపత్రుల కాంట్రాక్టులు మీ లక్ష్యమైతే జేడీలోనే నాలుగైదు హెల్త్ లా కోర్సులు తీసుకుంటే చాలు. దానికి ఎంపీహెచ్ దండగ.

ఇప్పటికే మన ఎల్‌ఎల్‌బీ ఉన్నవాళ్లు మళ్లీ మూడేళ్ల జేడీకి వెళ్లే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. న్యూయార్క్ లాంటి కొన్ని రాష్ట్రాలు షరతుల మీద విదేశీ లా డిగ్రీతోనూ బార్ పరీక్ష, అంటే లాయర్ లైసెన్సు పరీక్ష రాయనిస్తాయి. ఏడాది ఎల్‌ఎల్‌ఎం, దానికి తోడు ఎంపీహెచ్ చదివినా చాలామందికి పని జరిగిపోతుంది. హైదరాబాద్ యూనివర్సిటీలోనూ, హైదరాబాద్‌లోని ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ ఎంపీహెచ్ ఉంది. ఇక్కడే పనిచేయాలనుకునేవాళ్లు లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఆ తర్వాత ఎంపీహెచ్ విడివిడిగా చేసుకోవచ్చు. ఎక్కువ ఏళ్లు పట్టినా ఖర్చులో పోలికే లేదు. బీడీఎస్, ఎంబీబీఎస్ అయ్యాక ఎంపీహెచ్‌కు అమెరికా వెళ్లే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. జంట డిగ్రీ మీద మనసుంటే వాళ్లు ఈ కింది లెక్క విమానం ఎక్కకముందే చూసుకోవాలి.

మొదటి అడుగు: క్రెడిట్లు లెక్కపెట్టండి

అమెరికన్ బార్ అసోసియేషన్ నిబంధన ప్రకారం జేడీకి కనీసం 83 క్రెడిట్లు కావాలి. పబ్లిక్ హెల్త్ స్కూళ్లకు గుర్తింపునిచ్చే సెఫ్ అనే సంస్థ ఎంపీహెచ్‌కు కనీసం 42 అడుగుతుంది. ఒక లా స్కూలు 85 అడుగుతోందనుకుందాం. మొత్తం 127. లా స్కూలు ఎంపీహెచ్ నుంచి 10 క్రెడిట్లు తన ఖాతాలో వేసుకుంటుంది, హెల్త్ స్కూలు లా నుంచి 10 తీసుకుంటుంది. మీరు నిజంగా చదవాల్సింది 107. ఎనిమిది సెమిస్టర్లకు పంచితే ఒక్కోదానికి 13 నుంచి 14. మోయగలిగిన బరువే.

ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి. జేడీ క్రెడిట్లలో కనీసం 64 లా స్కూలు తరగతుల్లోనే రావాలి. పై ఉదాహరణలో 85లోంచి 64 పోతే 21. అందులో 10 ఎంపీహెచ్‌కు ఖర్చయ్యాయి కాబట్టి లా రివ్యూ అనే విద్యార్థుల పత్రికకీ, మూట్ కోర్టు అనే నమూనా వాదనలకీ, బయటి ఆఫీసుల్లో చేసే ఎక్స్‌టర్న్‌షిప్‌కీ కలిపి 11 మాత్రమే మిగులుతాయి. ఈ సంగతి మూడో ఏడాదిలో తెలిసి తలపట్టుకునేవాళ్లే ఎక్కువ.

రెండోది ఇంకా ఖరీదైనది. లా స్కూల్లో చేరకముందు చదివిన కోర్సులకు జేడీ క్రెడిట్ ఇవ్వరు. విదేశీ లా చదువు లాంటి కొన్ని మినహాయింపులున్నా ఎంపీహెచ్ వాటిలోకి రాదు. ముందు ఎంపీహెచ్‌లో చేరి, అది నడుస్తుండగా లా వైపు మళ్లితే అప్పటికే చదివిన ఎపిడెమియాలజీ (రోగాల వ్యాప్తి శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) జేడీ లెక్కలోకి ఎక్కవు. లా స్కూల్లో ముందు కాలుపెట్టడమే క్షేమం.

రెండో అడుగు: దరఖాస్తులు

జంట డిగ్రీ అన్నంత మాత్రాన సీటు ఒక్కచోట అడిగితే వచ్చేది కాదు. మామూలుగా రెండు స్కూళ్లకూ వేర్వేరుగా దరఖాస్తు పెట్టాలి, రెండూ వేర్వేరుగా ఒప్పుకోవాలి. లా మొదటి ఏడాదిలో ఉండగా ఎంపీహెచ్‌కు దరఖాస్తు చేసే వీలు చాలాచోట్ల ఉంది. లా దరఖాస్తులు ఎల్‌శాక్ అనే సంస్థ ద్వారా, ఎంపీహెచ్‌వి ఎక్కువగా సోఫాస్ అనే ఉమ్మడి దరఖాస్తు వేదిక ద్వారా వెళ్తాయి.

లా స్కూలు ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ స్కోరు 120 నుంచి 180 మధ్య ఉంటుంది. 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్ అనే పజిళ్ల సెక్షన్ తీసేశారు. ఇప్పుడు లాజికల్ రీజనింగ్ రెండు, రీడింగ్ కాంప్రహెన్షన్ ఒకటి, స్కోరుకు లెక్కించని సెక్షన్ ఒకటి, ఒక్కోదానికి 35 నిమిషాలు. పాత పుస్తకం చౌకగా దొరికిందని గేమ్స్ నేర్చుకుంటూ కూర్చోకండి. మన దగ్గర ఇంతకుముందు జరిగిన ఎల్‌శాట్–ఇండియా వేరే పరీక్ష, దాని స్కోరు జేడీకి చెల్లదు. చాలా లా స్కూళ్లు ఇప్పుడు జీఆర్‌ఈ కూడా తీసుకుంటున్నాయి. ఎంపీహెచ్‌కు చాలా స్కూళ్లు పరీక్షే అడగడం లేదు.

లా స్కూళ్లు దరఖాస్తులను వచ్చినవి వచ్చినట్టే చూసి సీట్లు నింపుకుంటూ పోతాయి కాబట్టి సెప్టెంబరు–నవంబరు మధ్య పంపితే మేలు. భారత్‌లో డిగ్రీ చేసినవాళ్లకు అసలు ఆలస్యం ట్రాన్‌స్క్రిప్టుల దగ్గర వస్తుంది. ఎల్‌శాక్‌కు ఒక సెట్టు, సోఫాస్ కోసం విదేశీ డిగ్రీలను పరిశీలించే డబ్ల్యూఈఎస్ సంస్థ మదింపుకు మరో సెట్టు, రెండూ యూనివర్సిటీ నుంచే నేరుగా వెళ్లాలి. సీల్డ్ కవర్ మీ చేతికిచ్చారని దాన్ని మీరే విప్పి స్కాన్ చేసి పంపితే ఒప్పుకోరు. పరీక్షల విభాగం చుట్టూ తిరిగే పని మే, జూన్‌లోనే మొదలుపెట్టండి. పాస్‌పోర్టులో ఒక పేరు, మార్కుల మెమోలో ఇంటిపేరు పొట్టి అక్షరంగా ఇంకో పేరు ఉంటే ముందే తేల్చుకోండి.

స్టేట్‌మెంట్లు రెండు వేర్వేరుగా రాయాలి. ‘ప్రజలకు సేవ చేయాలని ఉంది’ అంటే ఎవరూ కదలరు. ఒక సమస్య పట్టుకోండి, ఉదాహరణకు నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు. అక్కడ చట్టం ఎక్కడ ఆగిపోయింది, ఏ సమాచారం ఉంటే కదిలేది అని చూపిస్తే రెండు డిగ్రీలూ ఎందుకన్న ప్రశ్నకు జవాబు దానంతటదే వస్తుంది.

మూడో అడుగు: ఏళ్లు, వేసవులు

మొదటి ఏడాదంతా లా. కాంట్రాక్ట్స్, టార్ట్స్, సివిల్ ప్రొసీజర్ లాంటివి. చాలా సబ్జెక్టుల్లో సెమిస్టర్ మొత్తానికీ చివర ఒకే పరీక్ష, మార్కులు తోటివాళ్లతో పోల్చి వేస్తారు. ఈ ఏడాది వేరే ఏదీ నెత్తినేసుకోవద్దు. రెండో ఏడాది ఎంపీహెచ్, మూడు నాలుగు కలగలుపు. ఇదే ఎక్కువగా నడిచే పద్ధతి. బయోస్టాటిస్టిక్స్‌కు ముందు వేసవిలో గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌తో నెల రోజులు చేయి తిప్పుకుంటే తర్వాత ఏడుపుండదు.

నాలుగేళ్లలో వేసవులు మూడే. ఎంపీహెచ్‌కు ప్రాక్టికం, అంటే ఏదైనా సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ తప్పనిసరి. కనీసం ఐదు నైపుణ్యాలు, వాటిలో మూడు మౌలికమైనవి, చూపిస్తూ కనీసం రెండు పనులు తయారుచేసి ఇవ్వాలి. దీన్ని రెండో వేసవికి పెట్టుకోండి. మూడో వేసవిని లా ఉద్యోగానికి వదలండి, ఎందుకంటే పెద్ద ఫర్ములు చివరి ఏడాదికి ముందు వేసవిలో పనిచేసినవాళ్లకే ఎక్కువగా ఉద్యోగమిస్తాయి. రెజ్యూమేలో పట్టా వచ్చే సంవత్సరం తప్పు వేస్తే మిమ్మల్ని వేరే బ్యాచ్‌లో పడేస్తారు. హెల్త్ డిపార్ట్‌మెంట్ లీగల్ ఆఫీసులో ప్రాక్టికం దొరికితే ఒక దెబ్బకు రెండు పిట్టలే, కానీ లీగల్ మెమోను లెక్కలోకి తీసుకుంటారా అని ముందే రాతపూర్వకంగా అడగండి.

నాలుగో అడుగు: డబ్బు, వీసా

ప్రైవేటు లా స్కూళ్లలో ట్యూషనే ఏడాదికి 70,000 డాలర్లు దాటుతున్న చోట్లు చాలా ఉన్నాయి. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కొత్త నిబంధన అమలు తేదీ 2026 జులై 1. కొత్తగా అప్పు తీసుకునేవాళ్లకు గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ ప్రభుత్వ లోను ఉండదు. లా లాంటి వృత్తి కోర్సులకు ఏడాదికి 50,000 డాలర్లు, మిగతా పీజీలకు 20,500 డాలర్ల దాకానే ఫెడరల్ అప్పు. కాబట్టి ఎంపీహెచ్ చదివే ఏడాదిని ఏ ఖాతాలో వేస్తారో చేరకముందే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసును అడగాలి. లా స్కూలు ఇచ్చే స్కాలర్‌షిప్ ఆ ఏడాది ఆగిపోతుందా, కొనసాగుతుందా అన్నదీ అప్పుడే తేల్చుకోండి.

ఎఫ్‌–1 విద్యార్థి వీసా మీద వెళ్లేవాళ్లకు యూనివర్సిటీ ఇచ్చే ఐ–20 పత్రంలో నాలుగేళ్లూ పడ్డాయో లేదో చూడాలి. జార్జ్‌టౌన్ లా–జాన్స్ హాప్కిన్స్ జోడీలా రెండు యూనివర్సిటీలైతే ఏ ఏడాది ఐ–20 ఎవరిస్తారో అడగండి. డబ్బులిచ్చే ప్రాక్టికం బయట చేయాలంటే ముందుగా సీపీటీ, అంటే చదువుతూ పనిచేసే అనుమతి కావాలి. అది పూర్తికాలం 12 నెలలకు చేరితే ఆ స్థాయి డిగ్రీకి దొరికే ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి పోతుంది.

తిరిగొచ్చి మన కోర్టుల్లో ప్రాక్టీసు చేయాలనుకునేవాళ్లకు మరో గడప ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన విదేశీ డిగ్రీ అయి ఉండాలి, ఆపైన విదేశీ లా డిగ్రీ ఉన్న భారతీయులకు పెట్టే అర్హత పరీక్ష పాసవ్వాలి.

చివరి సెమిస్టర్

చాలా ప్రోగ్రాముల్లో రెండు పట్టాలూ ఒకేసారి ఇస్తారు. ఎంపీహెచ్ చివరి ప్రాజెక్టు ఏప్రిల్‌లో తేలకపోతే జేడీ కూడా ఆగొచ్చు, జులై చివరి వారంలో ఉండే బార్ పరీక్షకు కావాల్సిన సర్టిఫికెట్ దాంతోపాటే ఇరుక్కుంటుంది. మధ్యలో ఎంపీహెచ్ వదిలేసినా పంచుకున్న క్రెడిట్లు వెనక్కి పోతాయని చాలా స్కూళ్లు రాసిపెట్టుకున్నాయి. అప్పుడు లోటుపడ్డ లా క్రెడిట్లు విడిగా చదవాలి. గ్రాడ్యుయేషన్ దరఖాస్తు రెండు రిజిస్ట్రార్ ఆఫీసుల్లోనూ వేర్వేరుగా వేయాలి. ఒకచోట వేసి రెండోది మరచిపోవడం ఏటా ఎవరో ఒకరు చేసే పనే.