ఫోన్ వంటింట్లోకి వెళ్ళాక

రోజూ పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద నడవాలని మూడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. జనవరి ఒకటిన మొదలుపెట్టడం, సంక్రాంతికి మానేయడం. బద్ధకం అనుకునేవాణ్ణి. అసలు దొంగ తలగడ కింద ఫోను. అలారం ఆపుదామని చెయ్యి పెడితే ముప్పావుగంట రీల్స్‌లో పోయేది.

కిందటి వేసవిలో ఛార్జర్‌ని వంటింట్లో, మిక్సీ పక్క ప్లగ్గుకి మార్చేశాను. గంటస్తంభం దగ్గర ఓ కొట్లో బెల్లు గడియారం కొన్నాను. దాని మోతకి పక్క గదిలోంచి అమ్మ, "ఏటిరా ఆ గోల, ఊరంతా లేపుతావేటి?" అని అరిచేది. సిగ్గుతోనైనా లేచేవాణ్ణి.

లక్ష్యం కూడా తగ్గించుకున్నా. గంట నడక కాదు, చెప్పులేసుకుని గట్టు దాకా వెళ్తే చాలు. వెళ్ళాక ఎలాగూ ఒక చుట్టు పడేది.

21 రోజుల్లో ఏదైనా అలవాటైపోతుందన్న మాట నమ్మి ఇదివరకు మోసపోయాను. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందితో చేసి, 2010లో అచ్చేసిన అధ్యయనంలో తేలిన లెక్క దాదాపు 66 రోజులు. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా. మధ్యలో ఒక రోజు తప్పితే కొంప మునగదనీ అందులోనే ఉంది. నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. సిరిమాను పండక్కి ఇల్లంతా చుట్టాలు, మూడు రోజులు కదల్లేదు. నాలుగో రోజు మళ్ళీ చెప్పులేసుకున్నా.

రాత్రిళ్ళు ఫోన్ మీదకి మనసు ఇప్పటికీ పోతుంది. వంటింట్లో నిలబడే చూడాలి మరి, ఐదు నిమిషాలకే కాళ్ళు పీకి వచ్చేస్తాను.