హరికేన్ సీజన్‌కు ముందు: ఇంటి కంప్యూటర్‌లో తుపాను జాడ చూసేవారికి కొన్ని జాగ్రత్తలు

అట్లాంటిక్ హరికేన్ సీజన్ ఏటా జూన్ 1న మొదలై నవంబరు 30తో ముగుస్తుంది. అందులోనూ ఆగస్టు మధ్య నుంచి అక్టోబరు మధ్య వరకు ఉండే రెండు నెలలే అసలు గడ్డుకాలం. అమెరికాలోని హ్యూస్టన్, టాంపా, ఓర్లాండో వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగువారిలో కంప్యూటర్ పనిచేసేవారు ఎక్కువ కనుక, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఏదైనా కదలిక కనబడగానే లాప్‌టాప్ తెరిచి తుపాను దారిని తామే మ్యాప్ మీద గీసి చూసుకునే అలవాటు చాలామందికి ఉంది. అలవాటు మంచిదే. మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ తన అంచనాలను గూగుల్ ఎర్త్‌లో తెరుచుకునే కేఎంజెడ్ ఫైళ్లుగానూ, క్యూజీఐఎస్ వంటి ఉచిత మ్యాప్ ప్రోగ్రాములకు పనికివచ్చే షేప్ ఫైళ్లుగానూ ఎవరికైనా అందుబాటులో ఉంచుతుంది. అయితే తెరమీద గీత ఎంత స్పష్టంగా కనిపిస్తే దానిమీద నమ్మకం అంతగా పెరిగిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఈ ప్రోగ్రాములను అధికారిక బులెటిన్‌ను సరిగా అర్థం చేసుకోవడానికి వాడాలి గానీ, దాన్ని పక్కనబెట్టి సొంత అంచనా వేసుకోవడానికి వాడకూడదు.

మే నెలలోనే సరిచూసుకోవలసినవి

తుపాను గల్ఫ్‌లోకి వచ్చాక కొత్త ప్రోగ్రాము నేర్చుకుంటూ కూర్చోవడం కుదిరే పని కాదు. సీజన్ మొదలుకాక ముందే, ఫలితం మనకు తెలిసిన ఒక పాత తుపానును ఎక్కించి ప్రోగ్రాము సరిగా చూపిస్తున్నదో లేదో పరీక్షించాలి. 1851 నుంచి నమోదైన అట్లాంటిక్ తుపానుల వివరాలన్నీ హర్‌డాట్2 అనే ఫైలులో ఉచితంగా దొరుకుతాయి. 2008లో టెక్సస్‌లోని గాల్వెస్టన్ వద్ద తీరం దాటిన ఐక్ తుపాను తాలూకు వరుసను చూస్తే తేదీ 20080913, సమయం 0700, స్థానం 29.3 ఉత్తరం, 94.7 పశ్చిమం, ఆ తరువాత 95, 950 అనే రెండు అంకెలు కనిపిస్తాయి. అనుభవం లేనివారు తడబడే చోట్లు దాదాపు అన్నీ ఈ ఒక్క వరుసలోనే ఉన్నాయి కనుక దీన్ని కాస్త నిదానంగా చదవాలి.

మొదటిది రేఖాంశం. అమెరికా పశ్చిమార్ధగోళంలో ఉంది కాబట్టి చాలా ప్రోగ్రాముల్లో 94.7కు ముందు మైనస్ గుర్తు పెట్టాలి. అది మరిచిపోతే గాల్వెస్టన్‌లో ఉండవలసిన తుపాను అరుణాచల్ ప్రదేశ్‌కు ఎగువన టిబెట్ కొండల్లో తేలుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది కనుక దానివల్ల పెద్ద ప్రమాదం లేదు. అసలు ప్రమాదం గాలి వేగంతో వస్తుంది. ఆ వరుసలోని 95 అనేది నాట్లలో చెప్పిన వేగం. ఒక నాట్ అంటే గంటకు 1.15 మైళ్లు, అంటే 1.85 కిలోమీటర్లు. 95 నాట్లు గంటకు సుమారు 110 మైళ్లు అవుతాయి, కనుక గాలి వేగాన్ని బట్టి హరికేన్లకు ఇచ్చే 1 నుంచి 5 దాకా కేటగిరీల్లో ఐక్ రెండో కేటగిరీ హరికేన్. అదే 95ను మైళ్లుగా పొరబడితే మొదటి కేటగిరీకి దిగిపోతుంది, కిలోమీటర్లుగా పొరబడితే హరికేనే కాదన్నట్టు కనిపిస్తుంది. ఇటువంటి పొరపాటు తెరమీద ఎక్కడా ఎబ్బెట్టుగా కనిపించదు. అందుచేత ప్రోగ్రాము సెట్టింగుల్లో ఏ కొలమానం ఎంచుకున్నారో ముందే చూసి, ఇంట్లో అందరికీ అర్థమయ్యే ఒక్క కొలమానానికే కట్టుబడి ఉండాలి. చివరనున్న 950 తుపాను కేంద్రంలోని వాయుపీడనం, మిల్లీబార్లలో. అది తగ్గుతున్న కొద్దీ తుపాను బలపడుతున్నదని అర్థం.

ఇక 0700 అనేది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. వేసవి వేళల్లో, అంటే గడియారాలను గంట ముందుకు జరిపి ఉంచే కాలంలో, హ్యూస్టన్ గడియారం దానికి 5 గంటలు, ఫ్లోరిడాలో అత్యధిక భాగం 4 గంటలు వెనక ఉంటాయి. అంటే ఐక్ తీరం దాటింది అక్కడి లెక్కన తెల్లవారుజామున 2 గంటలకు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారాక ఈ తేడా ఇంకో గంట పెరుగుతుంది. సీజన్ అప్పటికింకా ముగియదన్నది గుర్తుంచుకోవాలి. పరీక్షలో ఐక్ గీత గాల్వెస్టన్ మీదుగా పోయి, సమయం తెల్లవారుజామున 2 గంటలు అని చూపితేనే ఆ ప్రోగ్రామును నమ్మవచ్చు.

చాలా ఏళ్ల కిందట తయారై, తరువాత ఎవరూ పట్టించుకోని ట్రాకింగ్ ప్రోగ్రాములతో ఇంకొక ఇబ్బంది ఉంది. సమాచారం తెచ్చుకునే చిరునామా మారిపోతే కొన్ని ప్రోగ్రాములు ఆ సంగతి చెప్పకుండా ప్రస్తుతం తుపానులేవీ లేవని మాత్రమే చూపిస్తాయి. ఖాళీ మ్యాప్ కనబడినప్పుడు హరికేన్ సెంటర్ పేజీని ఒకసారి నేరుగా తెరిచి చూడనిదే ఊపిరి పీల్చుకోకూడదు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి ఇటువంటి ప్రోగ్రాములను దించుకోకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

బులెటిన్ ఏ వేళది?

హరికేన్ సెంటర్ పూర్తి బులెటిన్లను ప్రతి 6 గంటలకు ఒకసారి విడుదల చేస్తుంది. వేసవి వేళల ప్రకారం ఫ్లోరిడాలో ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11 గంటలకు, హ్యూస్టన్‌లో ఒక గంట ముందుగా అవి వస్తాయి. తీరానికి వాచ్ (ముప్పు రావచ్చన్న సూచన) గానీ వార్నింగ్ (ముప్పు రానున్నదన్న హెచ్చరిక) గానీ ప్రకటించిన తరువాత మధ్యమధ్యలో 3 గంటలకొక బులెటిన్ కూడా వస్తుంది; అయితే అందులో తుపాను ఉన్న చోటు, బలం, హెచ్చరికలు ఉంటాయే తప్ప ముందుముందు పోబోయే దారికి కొత్త అంచనా ఉండదు. ఈ తేడా తెలియనివారు మధ్యంతర బులెటిన్ వచ్చాక కూడా గీత మారలేదు గనుక తుపాను దారి ఖాయమైపోయిందని అనుకుంటారు.

ఒకసారి దించుకున్న కేఎంజెడ్ ఫైలు తనంతట తాను మారదు. నిన్న రాత్రి భద్రపరచిన ఫైలును ఈ రోజు తెరిస్తే నిన్నటి దారే కనిపిస్తుంది. అందుకని ఫైలు పేరులోనే బులెటిన్ నంబరు, వేళ చేర్చి పెట్టుకుని, కొత్తది రాగానే పాతదాన్ని చెరిపివేయడం మేలు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే స్క్రీన్‌షాట్లకు ఇది మరింతగా వర్తిస్తుంది: తేదీ, బులెటిన్ నంబరు లేని బొమ్మను ఎవరు పంపినా ముందుకు పంపకూడదు. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు పంపేటప్పుడు స్థానిక సమయం కూడా రాయకపోతే, వారు పాత బొమ్మ చూసి అర్ధరాత్రి ఫోన్లు చేస్తూనే ఉంటారు.

గీతనే చూస్తూ ఉండిపోకూడదు

2004 ఆగస్టు 13న ఛార్లీ తుపాను టాంపా వైపు పోతుందన్నట్టు మ్యాప్ మీద గీత కనిపించింది. చివరి గంటల్లో అది కుడివైపుకు తిరిగి, కొద్ది గంటల్లోనే రెండో కేటగిరీ నుంచి నాలుగో కేటగిరీకి బలపడి, దక్షిణాన ఉన్న పుంటా గోర్డా పట్టణాన్ని దెబ్బతీసింది. పుంటా గోర్డా అప్పటికే హరికేన్ వార్నింగ్‌లో ఉంది, తుపాను కేంద్రం పోయే అవకాశమున్న ప్రాంతాన్ని చూపే అంచనా కోన్‌లోనూ ఉంది. అయినా నడిమి గీతనే చూస్తూ కూర్చున్న చాలామంది ఆ ముప్పు టాంపాదేనని అనుకున్నారు. మన ప్రోగ్రాములో వీలుంటే నడిమి గీతను తీసివేసి కోన్‌ను మాత్రమే ఉంచుకోవడం మంచి పద్ధతి అని నా అభిప్రాయం. గీత లేనప్పుడు కన్ను సహజంగానే మొత్తం ప్రాంతాన్ని చూస్తుంది.

కోన్‌ను కూడా సరిగా చదవాలి. గత 5 సంవత్సరాల్లో అధికారిక అంచనాలు ఎంతెంత తప్పాయో చూసి, మూడింట రెండు వంతుల తప్పులు ఇమిడేంత వృత్తాలు గీసి, వాటిని కలిపితే కోన్ ఏర్పడుతుంది. అంటే దాదాపు మూడింట ఒక వంతు సందర్భాల్లో తుపాను కేంద్రం కోన్ బయటికి పోవచ్చు. 5 రోజుల ముందు వేసిన అంచనాలో సగటు తేడా సుమారు 150 నుంచి 200 మైళ్లు ఉంటుంది. పైగా కోన్ చెప్పేది కేంద్రం ఎక్కడ ఉండవచ్చన్నది మాత్రమే. తుపాను ఎంత పెద్దదో, వాన ఎక్కడిదాకా పడుతుందో, ఉప్పెన ఏ ఊరిని ముంచుతుందో దానికి తెలియదు.

ఇంటి చిరునామా ఇస్తే తుపాను అతి దగ్గరగా ఎన్ని మైళ్ల దూరంలో, ఎన్ని గంటలకు పోతుందో కొన్ని ప్రోగ్రాములు లెక్కకట్టి ఇస్తాయి. ఈ లెక్కను చూసి ధీమా పడడం అన్నిటికంటే ప్రమాదకరం. ఆ దూరం తుపాను కేంద్రం నుంచి కొలిచినది. ఐక్ తీరం దాటేటప్పుడు హరికేన్ స్థాయి గాలులు కేంద్రం నుంచి 120 మైళ్ల దాకా, తుపాను స్థాయి (గంటకు 39 మైళ్లు, ఆపైన) గాలులు 275 మైళ్ల దాకా విస్తరించి ఉన్నాయి. బులెటిన్‌లో 34, 50, 64 నాట్ల గాలులు నాలుగు దిక్కులకు ఎంతెంత దూరం ఉన్నాయో విడివిడిగా ఇస్తారు. ఆ పొరను మ్యాప్ మీద తప్పనిసరిగా ఆన్ చేసి చూడాలి. ఉత్తరార్ధగోళంలో తుపాను పోతున్న దిశకు కుడివైపు సాధారణంగా గాలి, ఉప్పెన రెండూ ఎక్కువ.

సమయం విషయంలోనూ ఇదే పొరపాటు జరుగుతుంది. అంచనా బిందువుల మధ్య సరళరేఖ గీసి ప్రోగ్రాము చెప్పేది కేంద్రం వచ్చే వేళ. తలుపులకు పలకలు బిగించే పని, కారు పెట్రోలు, మందులు, ప్రయాణం అన్నీ గంటకు 39 మైళ్ల గాలులు మొదలయ్యేలోపే ముగించుకోవాలి. ఆ గాలులు ఎంత త్వరగా రావచ్చో చూపే మ్యాప్‌ను హరికేన్ సెంటర్ విడిగా ఇస్తుంది. పనులకు గడువు దాని ప్రకారం పెట్టుకోవాలి. హరికేన్ వార్నింగ్‌ను ఆ గాలులకు 36 గంటల ముందు, వాచ్‌ను 48 గంటల ముందు ఇస్తారని గుర్తుంచుకుంటే హడావుడి తగ్గుతుంది.

మోడళ్ల చిక్కుముడి

తుపాను దారిని లెక్కకట్టే అనేక కంప్యూటర్ మోడళ్ల గీతలను ఒకేచోట చూపే బొమ్మను అమెరికాలో స్పగెట్టీ అంటారు. ఇందులో అన్ని గీతలకూ ఒకే విలువ లేదు. ఉదాహరణకు ఎక్స్‌టీఆర్‌పీ అని రాసి ఉన్న గీత మోడలే కాదు. తుపాను ఇప్పుడు పోతున్న దిశను తిన్నగా పొడిగించిన గీత. సీఎల్‌పీ5 అనేది పాత తుపానుల సగటు నడతను బట్టి వేసేది, మిగతా మోడళ్ల పనితనాన్ని కొలవడానికి పనికివస్తుంది. ఇటువంటివాటిని జాబితాలోంచి తీసివేస్తే బొమ్మ తేటపడుతుంది. 95ఎల్ వంటి పేర్లతో కనిపించేవి ఇంకా తుపానుగా రూపుదిద్దుకోని అల్పపీడనాలు. కేంద్రమే సరిగా ఏర్పడని దశలో వేసిన మోడల్ గీతలను చూసి విమానం టికెట్లు రద్దు చేసుకోవడం తొందరపాటే అవుతుంది. మోడళ్లు అన్నీ ఒకేమాట మీద ఉన్నా పొరబడవచ్చు. 2023 అక్టోబరులో మెక్సికో పసిఫిక్ తీరాన అకపుల్కోను తాకిన ఓటిస్ ఒక్క రోజులో మామూలు తుపాను నుంచి ఐదో కేటగిరీకి చేరింది. ఆ బలాన్ని మోడళ్లు ముందుగా పసిగట్టలేకపోయాయి. 2024లో బెరిల్ మొదట మెక్సికో, దక్షిణ టెక్సస్ వైపు పోతుందని అంచనాలు ఉండగా, జులై 4 సెలవుల్లోనే దారి ఉత్తరానికి జరుగుతూ వచ్చి, 8వ తేదీన మాటగోర్డా వద్ద తీరం దాటి హ్యూస్టన్ మీదుగా పోయింది.

కేటగిరీ అంకెను చూసి ముప్పును తూచడం కూడా తగదు. ఆ అంకె గాలికి మాత్రమే సంబంధించినది. 2017లో హార్వీ హ్యూస్టన్‌ను ముంచినప్పుడు అది హరికేన్ స్థాయి నుంచి ఎప్పుడో దిగిపోయింది. ఆ తుపానులో టెక్సస్‌లోని నెడర్‌లాండ్ వద్ద 60 అంగుళాలకు మించి వాన కురిసింది, హ్యూస్టన్ శివారు కేటీ వైపు బార్కర్ రిజర్వాయరు వెనక ఉన్న కాలనీల్లోకి నీరు ఎగదన్నింది. బంగాళాఖాతపు తుపానులతో పోల్చి చూసుకునే అలవాటు ఉన్నవారు ఇంకొక సంగతి గమనించాలి: భారత వాతావరణ శాఖ 3 నిమిషాల సగటు గాలిని, అమెరికా 1 నిమిషం సగటు గాలిని లెక్కిస్తాయి కనుక, 2014లో విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ అంకెలను ఇక్కడి అంకెల పక్కన నేరుగా పెట్టి ఏది పెద్దదో తేల్చలేము.

కరెంటు పోయిన తరువాత

బెరిల్ మొదటి కేటగిరీ తుపానే అయినా హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. కనుక ట్రాకింగ్ అంతా ఇంటర్నెట్ మీదే ఆధారపడకుండా, మ్యాప్‌ను, ఇంటి తరలింపు జోన్‌ను, బయటపడే రెండు దారులను ముందే కాగితంపై అచ్చు తీసి ఉంచాలి. లాప్‌టాప్, పవర్‌బ్యాంకులు నిండా చార్జ్ చేయాలి. డెస్క్‌టాప్ ఉంటే ప్లగ్ పీకి, డబ్బాను నేలమీద నుంచి ఎత్తైన బల్ల మీదికి చేర్చాలి. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా హెచ్చరికలను వినిపించే, బ్యాటరీతో పనిచేసే వెదర్ రేడియో ఒకటి ఇంట్లో ఉంటే నెట్ లేకపోయినా హెచ్చరికలు వినపడతాయి. లాప్‌టాప్ చార్జింగ్ కోసం గరాజ్ మూసి కారు నడపడం, ఇంట్లో జనరేటర్ పెట్టడం ప్రాణాంతకం. జనరేటర్ తలుపులకు, కిటికీలకు కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట ఉండాలి.

రాడార్ బొమ్మ ఆగిపోతే వాన ఆగినట్టు కాదు. 2020లో లారా తుపాను గాలికి లూసియానా రాష్ట్రం లేక్ చార్లెస్‌లోని రాడారే ధ్వంసమైంది. అటువంటప్పుడు పక్క ఊరి రాడార్‌కు మారాలి, లేదా ఉపగ్రహ చిత్రం చూడాలి.

తుపాను భూమి మీదికి వచ్చి బలహీనపడ్డాక హరికేన్ సెంటర్ బులెటిన్లు ఆపి, బాధ్యతను వెదర్ ప్రెడిక్షన్ సెంటర్‌కు అప్పగిస్తుంది. అప్పుడు మన ప్రోగ్రాము మ్యాప్ మీద నుంచి తుపాను మాయమవుతుంది, కానీ వరద తరచుగా ఆ తరువాతే వస్తుంది. 2024లో హెలీన్ ఫ్లోరిడాలో తీరం దాటింది. పశ్చిమ నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్‌ను ముంచేనాటికి అది వందల మైళ్లు లోపలికి వచ్చేసిన తుపాను. కనుక ట్రాకింగ్ ప్రోగ్రాము ఖాళీ అయిన వెంటనే దాన్ని మూసి, స్థానిక వాతావరణ కార్యాలయం ఇచ్చే వరద హెచ్చరికలకు, హ్యూస్టన్ వారైతే హ్యారిస్ కౌంటీ వరద హెచ్చరిక వ్యవస్థ చూపే బయూల (ఊరి గుండా పారే వాగుల) నీటిమట్టాలకు మారి, ఇంటికి దగ్గరి గేజ్ దగ్గర నీరు తగ్గుముఖం పట్టేదాకా వాటిని గమనిస్తూ ఉండాలి.