కాలేజ్ బాస్కెట్‌బాల్ టీమ్‌లో ఉన్న కొద్ది చోట్లు ఎలా నింపుకోవాలి?

అమెరికాలో ఏప్రిల్ వచ్చిందంటే చాలా కాలేజ్ టీమ్‌ల ఆఫీసుల్లో ఒకటే గొడవ. ఉన్న స్కాలర్‌షిప్‌లు పదమూడు, మాటిచ్చింది పద్నాలుగు మందికి. ఇది కోచ్‌ల తెలివితక్కువతనం వల్ల రాదు, లెక్క రాసుకునే పద్ధతి వల్ల వస్తుంది. రోస్టర్ (టీమ్‌లో ఉండే ఆటగాళ్ల జాబితా) పని చూసేవాళ్లకి, కొత్తగా చేరిన అసిస్టెంట్లకి ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా డివిజన్ 1, అంటే కాలేజ్ ఆటల్లో పై స్థాయి, పురుషుల టీమ్‌లవి.

1. మీ పరిమితి ఎంతో తెలుసుకోండి

2025 జూన్‌లో, కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చన్న హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ను జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించాక లెక్క రెండుగా చీలింది. అందులో చేరిన కాలేజీలకు స్కాలర్‌షిప్ పరిమితి పోయి, 15 మంది రోస్టర్ పరిమితి వచ్చింది. చేరని కాలేజీలకు పాత లెక్కే: అబ్బాయిలకు 13, అమ్మాయిలకు 15 స్కాలర్‌షిప్‌లు. డివిజన్ 2లో 10 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన సాయాన్ని ముక్కలుగా పంచుకోవచ్చు. డివిజన్ 3లో, ఐవీ లీగ్‌లో ఆటకిచ్చే స్కాలర్‌షిప్పే లేదు.

ఇక్కడ రెండు పొరపాట్లు చూస్తుంటాను. 15 చోట్లంటే 15 మందికీ ఫీజు మాఫీ అనుకోవడం ఒకటి. అక్కడున్న మన తల్లిదండ్రులు కూడా ఇలాగే అనుకుంటారు. రెండోది, వాక్-ఆన్ కుర్రాళ్లని (స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరినవాళ్లని) లెక్కలో వేయకపోవడం. పాత పద్ధతిలో వాళ్లని ఎంతమందినైనా పెట్టుకోవచ్చు. సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీలో పైసా సాయం తీసుకోని వాక్-ఆన్ కూడా ఆ పదిహేనులో ఒకడే. పాత పరిమితి దాటి ఇచ్చే స్కాలర్‌షిప్‌లేమో 25 లక్షల డాలర్ల వరకు రెవెన్యూ షేరింగ్ (కాలేజీ తన ఆదాయంలోంచి ఆటగాళ్లకిచ్చే వాటా) పరిమితిలోంచే పోతాయి.

2. పట్టిక వేయండి

నిలువునా ఆటగాళ్లు, అడ్డంగా రాబోయే నాలుగేళ్లు. ఎవరికి ఎన్ని సీజన్లు మిగిలాయో గళ్లలో రాయండి. కాగితం మీదే వేయండి, పెన్సిల్‌తోనే రాయండి. రంగురంగుల సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి, డబ్బు పెట్టి కొంటున్నారు కూడా. కానీ స్క్రీన్ మీద గడి ఖాళీగా కనిపిస్తే ఎవరో ఒకరి పేరు లాగి పడేస్తారు. పెన్సిల్‌తో రాసిన పేరు చెరపాలంటే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

3. నిమిషాలు పంచండి

ఆట 40 నిమిషాలు, కోర్టులో ఐదుగురు. మొత్తం 200 నిమిషాలు. ముఖ్యులు ఐదుగురు తలా 30 తీసుకుంటే మిగిలేవి 50. అవి ముగ్గురు నలుగురికే సరిపోతాయి. మిగతావాళ్లు ఎదిగే కుర్రాళ్లో, ప్రాక్టీస్‌కి పనికొచ్చేవాళ్లో, ఎక్కువ ఆడకపోయినా టీమ్ వదలని సీనియర్లో అయి ఉండాలి. పదకొండో చోటుకి స్టార్‌ని తెస్తే ఆడే నిమిషాల్లేక వెళ్లిపోతాడు, మరుసటి ఏడాది మళ్లీ వెతుక్కోవడమే.

ఎనిమిది తొమ్మిది మంది చాలు అనే వాదన ఒకటుంది. 2024లో ఆర్కాన్సా యూనివర్సిటీకి వెళ్లిన కోచ్ జాన్ కాలిపారి అలా చిన్న టీమ్‌తోనే నడిపాడు. సీజన్ మధ్యలో ముఖ్యమైనవాళ్లు గాయపడినా స్వీట్ సిక్స్‌టీన్ (జాతీయ టోర్నీలో చివరి 16 టీమ్‌లు) దాకా వెళ్లారు, కాదనను. కానీ ఆయనకున్న ఆటగాళ్లు మీకుంటే మీరు ఇది చదవరు. పదకొండు కంటే తక్కువ చేయకండి.

4. ఏప్రిల్, మే: అసలు చిక్కు

ఇక్కడ తొందరపడకండి. సూత్రం ఒక్కటే. మీరిచ్చిన మాటని ఇచ్చిన రోజే లెక్కలో వేయండి. వెళ్లిపోతానన్న ఆటగాడి మాటని మాత్రం కాగితం పడేదాకా లెక్కలోంచి తీయకండి. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులు చేస్తారు.

సీజన్ అయిన వారంలోనే ఒక్కొక్కరితో ఎగ్జిట్ మీటింగ్ పెట్టండి. హెడ్ కోచే మాట్లాడాలి, అసిస్టెంట్‌ని పంపకూడదు. వచ్చే ఏడాది ఎన్ని నిమిషాలు అనుకుంటున్నారో సూటిగా చెప్పండి. "ఆలోచిస్తాను కోచ్" అన్నాడంటే ఆ చోటు ఖాళీ అయినట్టు కాదు. అతను రాతపూర్వకంగా అడిగితే కాలేజీ రెండు పనిదినాల్లో పేరు పోర్టల్‌లో (కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితాలో) ఎక్కించాలి. ఎక్కాక ఆ టర్మ్ చివరి నుంచి సాయం ఆపే హక్కు కాలేజీకి ఉంటుంది. ఆపుతున్నారా, వెనక్కి రానిస్తారా అన్నది ఆ రోజే తేల్చి రాసుకోండి. అప్పుడే చెరపండి.

వెళ్లమని ఒత్తిడి చేసి చోటు ఖాళీ చేయించే ఆలోచన ఉంటే మానుకోండి. ఆట బాగాలేదని, గాయమైందని స్కాలర్‌షిప్ తీసేయడానికి పెద్ద కాన్ఫరెన్స్‌లలో (కాలేజీల లీగ్‌లలో) 2015 నుంచే వీల్లేదు, 2024 ఆగస్టు నుంచి డివిజన్ 1 అంతటా వీల్లేదు.

"ఏటా ఎవరో ఒకరు వెళ్తారులే" అని ముందే అదనంగా మాటిచ్చేవాళ్లున్నారు. నిజమే, వెళ్తారు. ఎవరు వెళ్తారన్నదే ప్రశ్న. మీరు గార్డ్‌ని (బంతి నడిపేవాడిని) తెచ్చి కూర్చుంటే వెళ్లేది సెంటర్ (బుట్ట దగ్గర ఆడేవాడు) అవుతాడు. ఒక కాలేజీలో ఇలాగే ఒకడు వెళ్తాడని పద్నాలుగో మాట ఇచ్చారు. ఎవరూ కదల్లేదు. స్కాలర్‌షిప్ ఇస్తామని మాట అందుకున్న సీనియర్ వాక్-ఆన్‌కి ఆగస్టులో సారీ చెప్పారు. ఆ కబురు టీమ్ అంతా పాకడానికి ఒక్క పూట పట్టింది.

ఇక ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (ప్రొఫెషనల్ టీమ్‌లు కొత్త ఆటగాళ్లని ఎంచుకునేదానికి) పేరిచ్చి చూస్తున్నవాడు. వెనక్కి రావడానికి అతనికి మే చివరిదాకా గడువుంటుంది. పోర్టల్ గడువు ముందే ముగుస్తుంది, 2025లో మార్చి 24 నుంచి ఏప్రిల్ 22 వరకు నడిచింది. దాంతో కోచ్‌లకి టెన్షన్ పట్టుకుని, గడువుకి ముందు రాత్రి దొరికినవాడికి చోటు ఇచ్చేస్తారు. అనవసరం. ఆ గడువు పేరు నమోదుకే. అప్పటికే నమోదైనవాళ్లు తర్వాత ఎప్పుడైనా కాలేజీని ఎంచుకోవచ్చు. మే చివరికి సరుకు పలచబడుతుంది, అంతేగానీ అయిపోదు. అందుకే డ్రాఫ్ట్ గడువు దాకా ఒక చోటు ఖాళీగా ఉంచండి. అది అతనిదేనని అతనికి, ఇంకెవరికీ లేదని మీ అసిస్టెంట్లకి చెప్పండి.

కొత్తగా వచ్చేవాడి నోటిమాటతో కూడా నిశ్చింతగా ఉండకండి. ఫలానా కాలేజీలో చేరతానని ఆటగాడు సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024 అక్టోబర్‌లోనే పోయింది. ఇప్పుడు ఆధారం ఆర్థిక సాయం ఒప్పందమే. సంతకం పడేదాకా పెన్సిల్, పడ్డాక పెన్ను.

5. మిగిలిన పనులు

సాయం కొనసాగిస్తారో లేదో జులై 1 లోపు ఆటగాళ్లకి రాసివ్వాలి. ఆగస్టుకి స్కాలర్‌షిప్ మిగిలితే వాక్-ఆన్‌లలో బాగా కష్టపడేవాడికి ఇవ్వండి. ఒక సెమిస్టరా, ఏడాదా అన్నది కాగితంలోనే ఉండాలి. సెటిల్‌మెంట్ వల్ల చోటు కోల్పోయి మినహాయింపు పొందినవాళ్లు పదిహేను లెక్కలోకి రారు కాబట్టి వాళ్ల పేర్లు విడిగా రాసి, సీజన్ మొదటి ఆటకి ముందే జాబితా మొత్తం కంప్లయన్స్ ఆఫీస్‌కి (కాలేజీలో నియమాలు చూసే విభాగానికి) ఇచ్చి సరిచూపించండి.