ఆట నడిపించడం నేర్చుకుందాం – 7వ పాఠం: గిత్తకు తెలివి వస్తే

బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ కథ ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట గురించే ఈ పాఠాలు. గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. ఒంగోలు పక్క పల్లె నుంచి బయలుదేరిన నలుగురు సాహసికుల జట్టు. అందులోని డ్రూయిడ్ (ప్రకృతి మంత్రాలు వేసే పాత్ర) మంత్రం వేసి తన తెల్లగిత్తకు మాట, తెలివి తెప్పించాడు. ఆట అదుపు తప్పకుండా ఉండాలంటే కథ నడిపించే గేమ్ మాస్టర్‌గా మీరేం చేస్తారు?

మీలో ఎక్కువమంది గిత్త హిట్ పాయింట్లలోనో (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె) కొమ్ముపోటులోనో కోత పెట్టి ఉంటారని నా అనుమానం. కోత పెట్టవలసిన చోటు అది కాదు. ఒంగోలు గిత్త బలంగా లేకపోతే మన వాళ్లెవరూ నమ్మరు. ఈ జాతిని ఓడలెక్కించి తీసుకుపోయిన బ్రెజిల్ రైతులు దాని సంతతిని ఈనాటికీ ‘నెలోర్’ అనే పిలుస్తున్నారు. నెల్లూరు పేరును అంత దూరం మోసిన పశువును కాగితం మీద బక్కచిక్కించడానికి నాకైతే మనసు రాదు. అవసరమూ లేదు. ఎందుకో చూద్దాం.

ఈ పాఠాలన్నిటికీ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలనే ఆధారం చేసుకుంటున్నాం. జంతువుకు తెలివి తెప్పించే ‘అవేకెన్’ అందులో ఐదో స్థాయి మంత్రం. డ్రూయిడ్ తొమ్మిదో స్థాయికి చేరేదాకా అది చేతికి రాదు. వేయడానికి 8 గంటలు పడుతుంది, 1,000 బంగారు నాణేల విలువ చేసే అగేటు రాయి ఖర్చవుతుంది. బుద్ధి 3 లేదా అంతకు తక్కువ ఉన్న జంతువుకు బుద్ధి 10 వస్తుంది, అంటే సగటు మనిషికి ఉన్నంత. వేసినవారికి వచ్చిన భాషల్లో ఒకటి మాట్లాడుతుంది. తొమ్మిదో స్థాయి జట్టు తలపడే శత్రువుల ముందు ఒక గిత్త కొమ్ముపోటు ఏపాటిది? దాన్ని ఇంకా తగ్గించి సాధించేది ఏమీ లేదు.

కింది స్థాయిలో లెక్క వేరు. ఒకటో స్థాయి జట్టుకు తోడేలు తోడు దొరికిందనుకోండి. దానికి 11 హిట్ పాయింట్లు, కరిస్తే సగటున 7 దెబ్బ. అంటే దాదాపు ఇంకో యోధుడు చేరినట్టే. అక్కడ బలమే సమస్య. నియమాలు రాసినవాళ్లకు ఇది తెలుసు. అందుకే 2014 నియమాల్లో రేంజర్ (అడవుల్లో తిరిగే యోధుడి పాత్ర) తన జంతువు చేత దాడి చేయించాలంటే తన వంతులో చేయగలిగే ముఖ్యమైన చర్యను వదులుకోవాలి. ఆటగాళ్లు దీని మీద చాలా గొణిగారు. 2020లో వచ్చిన ప్రత్యామ్నాయ నియమంలో ఒక బోనస్ చర్య (అదే వంతులో అదనంగా చేసే చిన్న పని) ఇస్తే చాలన్నారు. రెండింటిలోనూ ధర కట్టింది ఆటగాడి వంతుతోనే అన్నది గమనించండి. 

పై స్థాయిలో మన గిత్తకు కూడా ఆ కొలతే వాడాలి. నలుగురు ఆటగాళ్లకు నాలుగు వంతులు. గిత్తకు సొంత వంతు ఇస్తే ఐదు, అందులో రెండు ఒకే ఆటగాడివి. యుద్ధంలో అయిదింట రెండు వంతులు, అంటే 40 శాతం సమయం, ఒక్కరే మాట్లాడుతుంటే మిగిలిన ముగ్గురూ ఫోన్లు తీస్తారు. దెబ్బల లెక్కలో ఎక్కడా కనిపించని నష్టం ఇది.

దెబ్బ వేయకపోయినా జంతువు ఆటను ఎంత వంచగలదో చెప్పడానికి గుడ్లగూబ చాలు. మాంత్రికుడి సహచర పక్షిగా వచ్చే గుడ్లగూబకు దాడి చేసే హక్కే లేదు. కానీ శత్రువు పక్కకు ఎగిరి వెళ్లి ‘సాయం’ చర్య చేస్తుంది, తిరిగి ఎగిరిపోతుంది. ఎగిరిపోయేటప్పుడు దాన్ని కొట్టే అవకాశం కూడా శత్రువుకు ఉండదు. ఆ సాయం వల్ల మిత్రుడు ఇరవై ముఖాల పాచికను రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకుంటాడు. 11 లేదా అంతకు ఎక్కువ రావలసిన చోట అవకాశం 50 శాతం నుంచి 75కు పెరుగుతుంది. 18 లేదా అంతకు ఎక్కువ రావలసిన చోట 15 నుంచి 27.75కు. మన గిత్త కూడా ఏ స్థాయిలోనైనా ఈ పని చేయగలదు. అసలు జాగ్రత్త పడవలసింది ఇక్కడ.

నా పద్ధతి చెబుతాను. జంతువుకు మనిషంత తెలివి వచ్చిన రోజు నుంచి దాన్ని యజమాని చేతిలో ఉంచకండి. బల్ల దగ్గర డ్రూయిడ్‌కు ఎడమ పక్కన కూర్చున్న ఆటగాడికి గిత్త కాగితం ఇచ్చేయండి. వచ్చే వారం ఆ పక్కవారికి. ఇలా చేస్తే ఆ ఐదో వంతు చేతులు మారుతూ ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, డ్రూయిడ్‌కు గిత్తతో పని పడితే అడగాలి, నచ్చజెప్పాలి, కాదంటే వినాలి. ఆటగాళ్లు మొదటి పూట గొడవ పెడతారు, పెట్టనివ్వండి.

ఇక వేగు పనికి వద్దాం. గేమ్ మాస్టర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉదయగిరి కొండకోటను పట్టడానికి శ్రీకృష్ణదేవరాయలంతటి వాడికి 1513 నుంచి 1514 దాకా దాదాపు ఏడాదిన్నర పట్టింది. అలాంటి కోట మీ ఆటలో ఉంది. జట్టులో నేలపట్టు పక్షుల కేంద్రం నుంచి తెచ్చిన, మాట వచ్చిన గూడబాతు ఉంది. అది పైన ఒక చుట్టు చుట్టి వచ్చి కాపలావాళ్ల సంఖ్య, దొంగదారి, ఆయుధాగారం అన్నీ అప్పజెప్పితే మీరు నెలరోజులు తయారు చేసిన కోట పది నిమిషాల్లో ఖాళీ.

దానికి విరుగుడుగా పక్షిని మొద్దుగా ఆడించకండి. అబద్ధాలు అసలే చెప్పించకండి. బుద్ధి 10 వచ్చినా అది ఇన్నాళ్లూ బతికింది గూడబాతుగానే. దాని కంటికి ఏది ముఖ్యమో అదే చెబుతుంది. బల్ల దగ్గర ఇలా సాగాలి:

“కోటలో కాపలావాళ్లు ఎంతమంది?”

“పడమటి చెరువు దగ్గర ఐదుగురు. ఒకడు నీళ్లలోకి రాళ్లు విసురుతున్నాడు. చేపలన్నీ అడుక్కి పోయాయి. చెడ్డవాడు.”

“గోడ మీద?”

“గోడ మీద నీళ్లు లేవు.”

“అంటే మనుషులు లేరా?”

“నేను చూడలేదు. చూడమని మీరు చెప్పలేదు కదా.”

“పోనీ, పెద్ద ద్వారం తెరిచి ఉందా?”

“ఎగిరేవాళ్లకు ద్వారంతో పనేమిటి?”

ఇందులో పనికివచ్చే సమాచారం ఉంది. ఐదుగురు కాపలావాళ్లు చెరువులో రాళ్లు విసురుకుంటున్నారంటే విసుగెత్తి ఉన్నారు, దళపతి దగ్గర్లో లేడు. ఆ సంగతి పట్టుకోగలిగిన ఆటగాడికి లాభం. ఈసారి ఏం చూడాలో ముందే చెప్పి పంపిన జట్టుకు ఇంకా లాభం. ఆ రెండో ప్రయాణానికి మాత్రం పాచిక వేయించండి. రెక్కలు చాస్తే 2 మీటర్లు దాటే పక్షి రెండోసారి అదే కోట మీద చక్కర్లు కొడుతుంటే ఏ విలుకాడికీ అనుమానం రాదా?

వలలో పడ్డ పావురాలను ఎలుక విడిపించిన కథ మనందరం చిన్నప్పుడే విన్నాం. ఆ కథల్లోని కాకి, ఎలుక, తాబేలు, లేడి నలుగురూ తెలివైనవాళ్లే. కానీ తాళ్లు కొరికేది ఎలుకే, పైనుంచి చూసి చెప్పేది కాకే. తాబేలు ఎంత తెలివైనదైనా పరుగెత్తలేక వేటగాడి చేతికి చిక్కుతుంది. మీ జట్టులో జంతువు చేసే పని ఇప్పటికే ఏదో ఒక పాత్ర చేస్తోందా అని చూసుకోండి. చేస్తోంటే ఆ పని జంతువుకు ఇవ్వకండి. దొంగ పాత్ర ఉన్న జట్టుకు తాళాలు తీసే కోతి దేనికి?

మళ్లీ గిత్త దగ్గరకు. అవేకెన్ మంత్రంలో చాలామంది చదవకుండా దాటేసే వాక్యం ఒకటుంది. జంతువు 30 రోజులే వశంలో ఉంటుంది, ఆలోపు జట్టువాళ్లు దానికి హాని చేస్తే అప్పుడే తెగిపోతుంది. గడువు తీరాక స్నేహంగా ఉండాలా వద్దా అన్నది జంతువు నిర్ణయం. ఆ 30 రోజులూ తనను ఎలా చూశారో తలచుకుని తేల్చుకుంటుంది. తూకం రాయి నియమాల్లోనే ఉంది, మనం బయటి నుంచి తేనక్కర్లేదు. ఆటలో రోజులు లెక్కపెట్టే క్యాలెండర్ ఒకటి పెట్టి, 30వ రోజును ఎర్ర సిరాతో చుట్టండి. అందరికీ కనబడేలా.

గిత్త కాగితం మీద మూడు వరుసలు రాయండి: ఏది ఇష్టం, దేనికి భయం, దేనికి ఒప్పుకోదు. మా బల్ల మీది గిత్తకు పిల్లిపెసర మేత ఇష్టం. బకింగ్‌హామ్ కాలువలో పడవ ఎక్కమంటే వణుకు. ఒప్పుకోనిది ఏమిటంటే జత లేకుండా కాడి మోయడం. ఇది బండలాగుడు పోటీల్లో పెరిగిన గిత్త. ఇన్నేళ్లూ కాడికి అటువైపున ఉన్నది ఇంకా మాట రాని గిత్తే. మాట వచ్చిన మొదటి రాత్రి ఇది దాని దగ్గరకు వెళ్లి మాట్లాడి చూస్తుంది, జవాబు రాదు. పదో రోజున డ్రూయిడ్‌ను అడుగుతుంది: “దానికీ తెప్పిస్తావా?” ఇంకో 1,000 నాణేల రాయి కావాలి. ఇస్తే జట్టు ఖజానా ఖాళీ. ఇవ్వకపోతే 30వ రోజు ఉండనే ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో మూడు పూటల ఆట నడుస్తుంది, ఎవరి హిట్ పాయింట్లూ తగ్గించకుండా.

ఒక హెచ్చరిక: ఒప్పుకోని వరుసను ముందే ఆటగాళ్లకు చూపించండి. సరిగ్గా యుద్ధం మధ్యలో గిత్త చేత ‘నేను రాను’ అనిపించడం కక్ష తీర్చుకోవడమే అవుతుంది. జంతువు చావు విషయంలో కూడా అంతే. దానికీ పాత్రలకు ఉన్నట్టే మరణ పాచికల అవకాశం (మూడుసార్లు తప్పితే చావు, మూడుసార్లు నెగ్గితే ప్రాణం నిలుస్తుంది) ఇస్తానని మొదటి రోజే చెప్పండి, ఆ మాట మీద ఉండండి.

ఈసారి అభ్యాసం. మూడో స్థాయి జట్టు, ముగ్గురే ఆటగాళ్లు, అందులో దొంగ పాత్ర లేదు. ఉదయగిరి అడవిలో ఒక మునీశ్వరుడు వాళ్లకు మాట్లాడే ముంగిసను అప్పగించాడు. దాని మూడు వరుసలు రాయండి. అది ఎవరి వంతులో, ఏ ధరకు పని చేస్తుందో తేల్చండి. తర్వాత పుట్ట దగ్గర పాముతో దానికి పాత పగ ఉందని జట్టుకు తెలిసే సన్నివేశాన్ని పది వాక్యాల సంభాషణగా రాయండి, పాముకు కూడా మాట వచ్చని గుర్తు పెట్టుకుని. ఎనిమిదో పాఠం ఆ పాముతోనే మొదలవుతుంది.