‘మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం’ అని ఫోన్ వస్తే ఏం చేయాలి?

శ్రీకాకుళంలో కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు నాది. పోయిన వేసవిలో ఆమదాలవలస నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చారు. సీపీయూని పాత దుప్పటిలో చుట్టి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. “ఇందులో వైరస్ ఉందట బాబూ, తీసెయ్” అన్నారు. ఎవరు చెప్పారని అడిగితే కాసేపు మాట్లాడలేదు. టీ తెప్పించాక మెల్లగా చెప్పారు. ప్రింటర్‌ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కోసం నెట్‌లో వెతుకుతుంటే స్క్రీన్ అంతా ఎర్రగా మారి సైరన్ మోగిందట. దాని మీద కనిపించిన నంబర్‌కి ఫోన్ చేస్తే, ఒకడు “సర్, సర్” అంటూ గంటన్నర మాట్లాడి, దూరం నుంచి కంప్యూటర్ నడిపే యాప్ వేయించి, ఖాతాలోని పింఛను డబ్బు లాగేశాడు. ఇది జరిగి అప్పటికి ఐదు రోజులు. అమెరికాలో ఉన్న కొడుక్కి చెప్పలేదు, బ్యాంకుకీ చెప్పలేదు. “పిల్లలకి పాఠాలు చెప్పినవాణ్ణి, ఏమని చెప్పుకోను?” అన్నారు.

డబ్బు పోయిందన్న బాధ కన్నా ఆ ఐదు రోజులు ఊరికే పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకి చదివి వినిపించండి.

మోసగాళ్లు వచ్చే దారులు

మొదటిది, మాస్టారికి జరిగినట్టు స్క్రీన్ నిండా హెచ్చరిక రావడం. రెండోది, “మీ కంప్యూటర్ నుంచి మాకు ఎర్రర్లు వస్తున్నాయి” అని వాళ్లే ఫోన్ చేయడం. మూడోది మనవాళ్లకి అంతగా తెలియదు. ప్రింటర్ కోసమో యాంటీవైరస్ కోసమో గూగుల్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతుకుతాం. పైన ప్రకటనగా కనిపించిన నంబర్ మోసగాడిది కావచ్చు. ఇక్కడ మనమే వాడికి ఫోన్ చేస్తాం కాబట్టి అనుమానం రాదు.

ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీ కంప్యూటర్ పాడైందని మైక్రోసాఫ్ట్ తనంతట తాను మీకు ఫోన్ చేయదు. విండోస్ చూపించే అసలైన ఎర్రర్ మెసేజ్‌లో ఫోన్ నంబర్ ఉండదు. నంబర్ కనిపించిందంటే అది దొంగ హెచ్చరికే. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ముగిసింది, ఆ మాట నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఎవరైనా ఫోన్ చేసి “రెన్యువల్ కట్టండి” అంటే మాత్రం అది అబద్ధం.

ముందుగా మీ కంప్యూటర్లో ఒకటి చూడండి

ఈ పని ఏ గొడవా లేని రోజున చేసిపెట్టుకోవాలి. స్టార్ట్ మెనూలో ‘ఈవెంట్ వ్యూయర్’ అని వెతికి తెరవండి. ఎడమవైపు ‘విండోస్ లాగ్స్’, దాని కింద ‘సిస్టమ్’ నొక్కండి. ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు చాలా కనిపిస్తాయి. కంగారుపడకండి. స్టేషన్‌లో రైలు రెండు నిమిషాలు ఆలస్యమైనా రిజిస్టర్‌లో రాస్తారు కదా, ఇదీ అంతే. ఏదో ప్రోగ్రాం మొదలవడం ఆలస్యమైతే రాస్తుంది, నెట్ ఒక క్షణం పోతే రాస్తుంది. నిన్న కొన్న కొత్త కంప్యూటర్‌లోనూ ఇవి ఉంటాయి. మోసగాళ్లు మొదట తెరిపించేది దీన్నే. “చూశారా సర్, ఇవన్నీ వైరస్‌లే” అంటారు.

ఇంకొకటి ఉంది. ‘కమాండ్ ప్రాంప్ట్’ అనే నల్ల తెర తెరిపించి ‘అసోక్’ (assoc) అనే ఆదేశం కొట్టిస్తారు. బోలెడు వరుసలు వస్తాయి. చివర్లో 888డీసీఏ60తో మొదలయ్యే పొడవాటి నంబర్ ఉంటుంది. వాళ్లు ముందే ఆ నంబర్ చదివి, “ఇది మీ లైసెన్స్ నంబర్, మా దగ్గర రికార్డులో ఉంది, సరిచూసుకోండి” అంటారు. అక్షరం తేడా లేకుండా సరిపోతుంది. మాస్టారు నమ్మింది సరిగ్గా ఇక్కడే. ఆ నంబర్ విండోస్ ఉన్న ప్రతి కంప్యూటర్‌లో ఒకటే. ఆ రోజు కొట్టులో ఉన్న మూడు కంప్యూటర్లలో వరసగా ఆయనకి చూపించాను. మూడింటిలోనూ అదే నంబర్ చూసి తల పట్టుకుని కూర్చున్నారు. మీరు కూడా మీ ఇంట్లో ఒకటి, పక్కింట్లో ఒకటి తెరిచి చూసుకోండి. ఒకసారి కళ్లతో చూసినవాళ్లు ఈ మాటకి మళ్లీ పడరు.

ఫోన్ వస్తే

పెట్టేయండి. చెప్పడం సులువే కానీ మనవాళ్లకి ఇదే కష్టం. అవతలివాడు మర్యాదగా మాట్లాడుతుంటే మాట మధ్యలో ఫోన్ పెట్టేయడానికి మనకి చేతులు రావు. మా వీధిలో ఒక పెద్దావిడ, “పెట్టేత్తే కోప్పడతారేటి బావూ?” అని అడిగింది. కోప్పడితే పడనీ అమ్మా అన్నాను. అవతలివాడికి కావలసింది మీరు లైన్‌లో ఉండడం. “నాకు కంప్యూటర్ లేదు” అని అబద్ధం చెప్పక్కర్లేదు, వాడితో వాదించక్కర్లేదు, వాడి టైమ్ వేస్ట్ చేద్దామని ఆడుకోనూ వద్దు. వాడు ఇంగ్లిష్‌లోనో హిందీలోనో గడగడా మాట్లాడితే మనకి అర్థం కాని ప్రతి మాటా నిజమేమో అనిపిస్తుంది. ఎంతసేపు వింటే అంత భయం. తర్వాత ఆ నంబర్‌ని కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలోని ‘చక్షు’లో ఫిర్యాదుగా నమోదు చేయండి. డబ్బు పోకుండా కేవలం అనుమానపు ఫోన్ వచ్చినప్పుడు చెప్పడానికి పెట్టిన ఏర్పాటు అది.

ఎర్ర స్క్రీన్ వస్తే

సైరన్ మోగుతుంది, ‘కంప్యూటర్ ఆపితే ఫైళ్లు పోతాయి’ అని రాసి ఉంటుంది. ముందు సౌండ్ తగ్గించండి, సగం టెన్షన్ అక్కడే పోతుంది. అది మామూలు వెబ్ పేజీ, స్క్రీన్ నిండా పరిచారు, అంతే. దాని మీద కనిపించే ‘క్లోజ్’, ‘ఓకే’, ‘స్కాన్’ ఏదీ నొక్కకండి. ఎస్కేప్ మీటని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. పెద్ద స్క్రీన్ చిన్నదయితే బ్రౌజర్‌ని మూసేయండి. కాకపోతే ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. అదీ కాకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో బ్రౌజర్ పేరు ఎంచుకుని ‘ఎండ్ టాస్క్’ నొక్కండి. ఏదీ పనిచేయకపోతే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలు తెరవమంటారా అని బ్రౌజర్ అడిగితే వద్దని చెప్పండి. స్క్రీన్ మీది నంబర్‌కి ఫోన్ చేయకుండా, ఏదీ డౌన్‌లోడ్ చేయకుండా ఇంతవరకు వచ్చారంటే మీకు దాదాపుగా ఏ నష్టమూ జరగలేదు.

ఇప్పటికే లోపలికి రానిచ్చేస్తే

దూరం నుంచి కంప్యూటర్ నడిపే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, క్విక్ అసిస్ట్ దొంగ యాప్‌లు కావు. దూరాన ఉన్న కొడుకు అమ్మ కంప్యూటర్ సరిచేయడానికి కూడా వాటినే వాడతాడు. ఎవరు ఎవరికి ముందు ఫోన్ చేశారు, అవతల ఉన్నది మీకు తెలిసిన మనిషేనా అన్నదే చూడాలి. అలాంటి యాప్‌తో తెలియని మనిషిని లోపలికి రానిచ్చేసి ఉంటే, మౌస్ బాణం దానంతట అది కదులుతుంటే, ఇలా చేయండి.

1. నెట్ తెంచేయండి. కేబుల్ పీకండి లేదా వైఫై పెట్టె స్విచ్ ఆపండి. మీటలతో కుస్తీ పడొద్దు, స్క్రీన్ వాడి చేతిలో ఉంది. యాప్ వేయించింది మొబైల్‌లో అయితే ఫ్లైట్ మోడ్ పెట్టండి. ఫోన్ స్క్రీన్ వాడికి కనిపిస్తున్నంతసేపు మీకొచ్చే ఓటీపీలు వాడికీ కనిపిస్తాయి.

2. వేరే ఫోన్ తీసుకోండి. ఇంట్లోవాళ్లది, పక్కింటివాళ్లది, ఏదైనా సరే. ఏటీఎం కార్డు వెనక ఉన్న నంబర్‌కి ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ అన్నీ ఆపించండి. బ్యాంకు నంబర్ కోసం గూగుల్‌లో వెతకొద్దు.

3. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఇది దేశమంతటికీ సైబర్ మోసాల హెల్ప్‌లైన్. మీరు చెప్పిన వివరాలు డబ్బు చేరిన బ్యాంకుకి వెళ్తాయి. డబ్బు ఇంకా ఆ ఖాతాలో ఉంటే నిలిపివేయిస్తారు. మోసగాళ్లు దాన్ని ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి చకచకా మార్చేస్తుంటారు కాబట్టి గంట తేడా కూడా పెద్ద తేడాయే. లైన్ దొరకకపోతే ఆగకుండా ప్రయత్నిస్తూ, ఇంకొకరి చేత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టించండి. ఫిర్యాదు నంబర్ రాసిపెట్టుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి: మీ ఖాతా నంబర్, డబ్బు పోయిన తేదీ, సమయం, మొత్తం, లావాదేవీ నంబర్ (యూపీఐ అయితే 12 అంకెలు), వాళ్లు మాట్లాడిన ఫోన్ నంబర్. కోపంలో కాల్ లిస్టు, మెసేజ్‌లు తుడిచేయకండి. అవే మీ సాక్ష్యం.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లాలంటే ఎక్కడికి? మీరు టెక్కలిలో ఉన్నా, రాజాంలో ఉన్నా దగ్గర ఉన్న స్టేషన్‌కే వెళ్లండి. 2024 జులై 1న వచ్చిన కొత్త చట్టంలో నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ‘జీరో ఎఫ్ఐఆర్’ నమోదు చేయించుకునే వీలుంది. కంప్యూటర్‌తో వేరొకరిలా నటించి మోసం చేయడానికి ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

ఆలస్యం చేయకూడదనడానికి ఇంకో కారణం ఉంది. రిజర్వ్ బ్యాంక్ 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం, మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేకుండా మధ్యలో ఎక్కడో లోపం వల్ల డబ్బు పోతే, 3 పనిదినాల్లో బ్యాంకుకి చెబితే మీ మీద ఏ భారమూ పడదు. ఓటీపీ మీరే చెప్పేసి ఉంటే, బ్యాంకుకి తెలియజేసే వరకు పోయిన డబ్బు మీ నష్టమే. తెలియజేశాక పోయేది మాత్రం బ్యాంకు భరించాలి. మాస్టారి ఖాతాలోంచి మూడో రోజు కూడా డబ్బు పోయింది. మొదటి రోజే ఒక్క ఫోన్ చేసి ఉంటే అదైనా మిగిలేది.

కంప్యూటర్ శుభ్రం చేయడం

ఇది డబ్బు సంగతి చూశాకే. నెట్ లేకుండానే కంప్యూటర్ తెరిచి, ‘ఇన్‌స్టాల్డ్ యాప్స్’లో ఆ రోజు వచ్చినవన్నీ తీసేయండి. తర్వాత విండోస్ సెక్యూరిటీలో ఫుల్ స్కాన్, ఆపైన ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. రెండూ ఉచితం. ఆ కంప్యూటర్‌లో బ్యాంకు పనులు చేస్తుంటే నా సలహా, ఫొటోలు, కాగితాలు వేరే డ్రైవ్‌లోకి తీసుకుని విండోస్ కొత్తగా వేయించండి. వాడు లోపల ఏం వదిలిపెట్టాడో పైకి కనిపించదు.

పాస్‌వర్డ్‌లు ఆ కంప్యూటర్ నుంచి కాదు, వేరేదాని నుంచి మార్చండి. ముందు ఈమెయిల్‌ది మార్చాలి. మిగతా వాటిలో చాలావరకు పాస్‌వర్డ్ మర్చిపోయామంటే లింకు వచ్చేది ఈమెయిల్‌కే కదా. జీమెయిల్‌లో ఏ ఏ పరికరాలు లాగిన్ అయి ఉన్నాయో చూసి తెలియనివి తీసేయండి.

కొన్నాళ్లకి ఇంకో ఫోన్ రావచ్చు. “మీరు పోగొట్టుకున్న డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫైల్ చార్జీ కట్టండి” అంటారు. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లు వాళ్ల మధ్య తిరుగుతుంటాయి. ‘రిఫండ్’ అన్నా అదే కథ. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే డబ్బు పోతోందని అర్థం.

ఊరికి వచ్చినప్పుడు పిల్లలు చేయాల్సింది

మన జిల్లాల్లో చాలా ఇళ్లలో ఇప్పుడు అమ్మానాన్నలే ఉంటున్నారు. పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో విదేశాల్లోనో ఉంటారు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక పూట దీనికి కేటాయించండి. వాళ్లు రోజూ వాడే లాగిన్‌ని అడ్మిన్‌గా కాకుండా స్టాండర్డ్ అకౌంట్‌గా మార్చండి. అప్పుడు ఇలాంటి చాలా ప్రోగ్రాంలు మీ పాస్‌వర్డ్ లేకుండా వేయడం కుదరదు. పింఛను పడే ఖాతాకి నెట్ బ్యాంకింగ్, యూపీఐ పరిమితులు తగ్గించి, ఆన్‌లైన్ ఖర్చులకి తక్కువ డబ్బుతో వేరే ఖాతా పెట్టండి.

అన్నిటికన్నా ముందు, ఏదైనా జరిగితే మీరు తిట్టబోరని వాళ్లకి నోటితో చెప్పండి. మాస్టారి కొడుక్కి ఆ రోజు మా కొట్టు నుంచే ఫోన్ చేయించాను. అక్కడ అర్ధరాత్రి. అతను ఒక్క మాట కూడా అనలేదు. “ముందు 1930కి చేశారా నాన్నా?” అని మాత్రం అడిగాడు. ఇప్పుడు ఆయన మానిటర్ అంచున ఒక కాగితం అంటించి ఉంది. కొడుకు నంబర్, కార్డు వెనక ఉన్న బ్యాంకు నంబర్, 1930, ఈ మూడే పెద్ద అక్షరాల్లో రాసి ఉంటాయి.